లిటిల్ మోర్టన్ హాల్: కొయ్య చట్రపు ఇంగ్లీషు భవనం – నిర్మాణ చరిత్ర

వ్యాస సంగ్రహం:

ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలోని చెషర్ కౌంటీలో ఉన్న లిటిల్ మోర్టన్ హాల్ ట్యూడర్ కాలపు కొయ్య చట్రపు భవనాల్లో ఎంతో ప్రసిద్ధమైనది. సుమారు 1504 నుంచి 1610 వరకు మోర్టన్ వంశంలోని పలు తరాలవారు దీన్ని విడతలవారీగా కట్టించారు. ఈ భవనంలోని వంకరలు, అతుకులు, శాసనాలు, మరమ్మతులు చరిత్రకు ఆధారాలుగా ఎలా ఉపకరిస్తాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. వంశపు సంపద ఈ భవనాన్ని నిర్మించగా, ఆ వంశపు ఆర్థిక పతనమే దాని ట్యూడర్ రూపం మారకుండా నిలవడానికి ప్రధాన కారణమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భవనం పాత రూపమంటే ఏది, మరమ్మతులో దాన్ని ఎలా గౌరవించాలి అనే ప్రశ్నలనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: కొయ్య చట్రం, ట్యూడర్ వాస్తువు, లిటిల్ మోర్టన్ హాల్, లాంగ్ గ్యాలరీ, వారసత్వ సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:

చరిత్ర రచనకు శాసనాలు, దస్తావేజులు, గ్రంథాలు ఎంత ముఖ్యమో కట్టడాలూ అంతే ముఖ్యం. అయితే కట్టడాన్ని ఆధారంగా స్వీకరించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. రాయించినవారు తాము చెప్పదలచుకున్న దాన్నే దస్తావేజులో రాయిస్తారు. కట్టడం మాత్రం యజమాని చెప్పదలచుకున్న దానితోపాటు చెప్పకూడదనుకున్న దాన్నీ బయటపెడుతుంది. అతని హోదా, అభిరుచి, అప్పులు, తొందరపాటు అన్నీ అందులో కనిపిస్తాయి. కొయ్యతో కట్టిన ఇళ్లలో ఇది మరింత స్పష్టం. రాయి బరువును మౌనంగా మోస్తుంది. కొయ్య మోయలేని బరువు మీద పడితే వంగి, ఆ సంగతి చూసేవారికి తెలిసేలా చేస్తుంది.

లిటిల్ మోర్టన్ హాల్ చెషర్‌లోని కాంగల్టన్ పట్టణానికి నైరుతి దిశలో సుమారు 7 కిలోమీటర్ల దూరంలో ఉంది. చుట్టూ సుమారు 10 మీటర్ల వెడల్పు గల నీటి కందకం, దానిపై ఇసుకరాతి వంతెన, వంతెన దాటగానే మూడంతస్తుల ప్రవేశ భవనం, లోపల గులకరాళ్లు పరచిన చిన్న ముంగిలి, దాని చుట్టూ భవన భాగాలు ఉన్నాయి. ఈ కందకాన్ని రక్షణ కోసం వాడినట్లు ఆధారాలేవీ లేవు. ఆ కాలపు అనేక కందకాల వలెనే ఇదీ హోదాకు చిహ్నమని పండితుల అభిప్రాయం. ఈ ఇంటి నిర్మాణాన్ని నడిపించిన ప్రేరణలలో హోదా ముఖ్యమైనదని కందకం దగ్గరే తెలుస్తుంది.

2. కొయ్య చట్రం పనిచేసే తీరు:

ఈ భవన చరిత్రను గ్రహించాలంటే ముందుగా కొయ్య చట్రపు నిర్మాణ పద్ధతి తెలియాలి. రాతి, ఇటుక కట్టడాల్లో బరువును గోడలే మోస్తాయి. కొయ్య చట్రపు కట్టడంలో బరువంతా నిలువు స్తంభాల మీద, అడ్డ దూలాల మీద, వాటిని కలిపే ఏటవాలు కమ్మెల మీద పడుతుంది. గోడ అనేది చట్రం మధ్యనున్న ఖాళీలను మూసే పూరకం మాత్రమే. ఆ ఖాళీల్లో సన్నని కర్రలతో అల్లిన తడికను అమర్చి, బంకమట్టి, గడ్డి, పేడ కలిపిన ముద్దను దానికి పూసి, పైన సున్నపు గార వేసేవారు. చట్రం చెక్కుచెదరకుండా గోడను తీసివేసి మళ్లీ కట్టవచ్చు. ఇళ్లను అవసరాన్ని బట్టి మార్చుకోవడానికి, పెంచుకోవడానికి ఈ లక్షణం వీలు కల్పించింది.

చట్రానికి ప్రధానంగా ఓక్ కలపను వాడేవారు. నరికిన ఓక్ పచ్చిగా ఉన్నప్పుడు చెక్కడం సులభం. ఆరిన కొద్దీ అది గట్టిపడుతుంది, కొంత ముడుచుకుంటుంది, మెలి తిరుగుతుంది. అందుకే పచ్చి కలపతో కట్టిన ఇంట్లో గీత గీసినట్లుండే సరళరేఖలు కనిపించవు. దూలం చివరను నాలుకలాగా చెక్కి, స్తంభంలో తొలిచిన గాడిలో దూర్చి, రెండింటినీ కలిపి రంధ్రం చేసి ఓక్ సీలను దిగగొట్టేవారు. ఇనుప మేకుల మీద ఆధారపడని ఈ అతుకు బిగువుగా ఉంటూనే కొద్దిపాటి కదలికకు చోటిస్తుంది. ముక్కలను పనిచోట చెక్కి, ఒకసారి కూర్చి చూసి, ఏ ముక్క దేనికి చేరుతుందో తెలిసేలా గుర్తులు వేసి, విప్పి, కట్టే స్థలంలో మళ్లీ నిలబెట్టేవారు. రోమన్ అంకెలను పోలిన ఇలాంటి గుర్తులు ఇంగ్లండులోని పాత కొయ్య ఇళ్లలో విరివిగా కనిపిస్తాయి.

ఈ పద్ధతిలో నిర్మాణానికి ఎంత కలప కావాలి, ప్రదర్శనకు ఎంత వాడారు అనే తేడాను గమనించాలి. లిటిల్ మోర్టన్ హాల్ గోడల మీద కనిపించే చేపముల్లు అమరిక, వజ్రాకారపు గళ్లు, నాలుగు రేకుల పూల ఆకృతులు ఇంటిని నిలబెట్టడానికి అవసరమైనవి కావు. చెషర్, లాంకషర్ ప్రాంతాల సంపన్న భూస్వాములు తమ ఇళ్ల గోడలను ఇలా అలంకరించుకునేవారు. కలప ఖరీదైనది కనుక, అవసరానికి మించి దాన్ని గోడమీద చూపడం సంపదను చూపడమే.

3. నిర్మాణ దశలు:

మోర్టన్ వంశీయులు స్థానికంగా పలుకుబడి గల భూస్వాములు. 16వ శతాబ్ది మధ్యనాటికి వారి అధీనంలో సుమారు 1,360 ఎకరాల భూమి, రెండు నీటి మరలు ఉండేవి. ఇంటి నిర్మాణం ఈ ఆస్తి పెరుగుదల వెంటే సాగింది.

మొదటి దశ సుమారు 1504–08 మధ్య విలియం మోర్టన్ కాలానిది. ఇంటికి కేంద్రమైన గ్రేట్ హాల్ ఈ దశలోనే నిలిచింది. మధ్యయుగ సంప్రదాయంలో గ్రేట్ హాల్ అంటే యజమాని, కుటుంబం, పరివారం, సేవకులు ఒకే కప్పు కింద భోజనం చేసే విశాలమైన గది. కప్పు వరకు ఖాళీగా ఉండే ఆ గది ఎత్తే దాని గౌరవం.

రెండో ముఖ్యమైన మార్పు 1559లో జరిగింది. అప్పటి యజమాని రెండో విలియం మోర్టన్ గ్రేట్ హాల్ ఎత్తు మధ్యలో ఒక కొత్త అంతస్తు వేయించి, ముంగిలి వైపు రెండు పెద్ద గవాక్షాలను నిర్మింపజేశాడు. ముందుకు పొడుచుకువచ్చిన ఈ గవాక్షాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే వాటి కప్పులు పరస్పరం తగులుతాయి. ఈ మార్పు కేవలం వాస్తువుకు సంబంధించినది కాదు, సామాజికమైనది కూడా. 16వ శతాబ్దిలో ఇంగ్లీషు సంపన్న కుటుంబాలు సామూహిక శాలనుంచి ప్రత్యేక గదుల్లోకి తరలుతున్నాయి. శాలను నిలువునా రెండుగా చేయడమంటే అందరూ కలిసి కూర్చునే చోటును తగ్గించి ఏకాంతానికి చోటివ్వడమే. తరవాతి కాలంలో ఆ అంతస్తును తొలగించారు. రెండంతస్తుల గవాక్షాలు మాత్రం మిగిలి, లేని అంతస్తుకు సాక్ష్యంగా నిలిచాయి.

మూడో దశ 1560ల తొలినాళ్లలో మొదలైన దక్షిణ భాగం. ప్రవేశ భవనం, అతిథులకు వసతి గదులు, అన్నిటికంటే పైన లాంగ్ గ్యాలరీ ఇందులోనివి. రెండో విలియం ప్రారంభించిన ఈ పనిని అతని కుమారుడు జాన్ పూర్తి చేశాడు. చివరగా సుమారు 1610లో వంటశాల, బీరు తయారీ గది ఉన్న చిన్న భాగం చేరింది. అంటే ఈ ఇంటికి మొదటినుంచీ ఉన్న సమగ్ర నమూనా ఏదీ లేదు. ప్రతి తరమూ ముందు తరం కట్టిన చట్రానికి తన చట్రాన్ని జోడించింది. భాగాల మధ్య సౌష్ఠవం లేకపోవడానికి కారణం ఇదే.

4. గవాక్షాల మీది శాసనం:

1559 నాటి గవాక్షాల మీద చెక్కిన రాతలు ఈ భవనానికి సంబంధించిన అమూల్యమైన లిఖిత ఆధారం. సర్వమూ దైవమేనని చెబుతూ, ఈ కిటికీలను 1559లో విలియం మోర్టన్ చేయించాడని అందులో ఉంది. దాని వెంటే, దైవానుగ్రహంతో ఈ కిటికీలను చేసినవాడు వడ్రంగి రిచర్డ్ డేల్ అని మరో వాక్యం ఉంది.

ఈ రెండు వాక్యాలనూ కలిపి చదవాలి. ఆ కాలపు ఇంగ్లీషు భవనాల్లో యజమాని పేరు, వంశచిహ్నం, తేదీ కనిపించడం సాధారణమే. వడ్రంగి పేరు పూర్తిగా, వృత్తినామంతో సహా యజమాని పేరు పక్కన కనిపించడం అరుదు. ‘చేయించిన’వాడూ ‘చేసిన’వాడూ ఇద్దరూ ‘చేశాడు’ అన్న ఒకే క్రియను పంచుకోవడం మరింత గమనించదగినది. తెలుగు శాసనాల్లో దాత పేరుతోపాటు శాసనాన్ని రచించిన కవి పేరో, చెక్కిన శిల్పి పేరో కనిపించినప్పుడు ఆ వివరానికి పరిశోధకులిచ్చే విలువ ఇక్కడా ఇవ్వదగినదే.

నేటి అర్థంలో వాస్తుశిల్పి అనే ప్రత్యేక వృత్తి అప్పటికి ఇంగ్లండులో స్థిరపడలేదు. ఇల్లెలా ఉండాలో యజమాని చెప్పేవాడు, అదెలా నిలబడుతుందో ప్రధాన వడ్రంగి నిర్ణయించేవాడు. దూలం మందం, అతుకుల స్థానం, గవాక్షం ఎంత ముందుకు రావచ్చనే లెక్క అన్నీ అతని అనుభవంలోనివే. కనుక రిచర్డ్ డేల్ పేరు కేవలం పనివాడి సంతకం కాదు. భవన రూపకల్పనలో తన భాగాన్ని అతను చాటుకున్న గుర్తుగా దాన్ని స్వీకరించవచ్చు.

5. లాంగ్ గ్యాలరీ – ఆడంబరం, భారం:

దక్షిణ భాగం పై అంతస్తులో సుమారు 21 మీటర్ల పొడవున లాంగ్ గ్యాలరీ ఉంది. ఎలిజబెత్ కాలపు సంపన్నుల ఇళ్లలో ఇలాంటి పొడవాటి గదులు ఉండటం ఆనాటి అభిరుచి. వానాకాలంలో నడకకు, ఆటలకు, అతిథులతో కాలక్షేపానికి వాటిని వాడేవారు. ఇక్కడి చెక్క పలకల వెనక దొరికిన 17వ శతాబ్ది తొలినాళ్ల టెన్నిస్ బంతులు ఈ వినియోగానికి సాక్ష్యం.

గ్యాలరీ రెండు చివరల పైభాగాన గారతో మలచిన రెండు స్త్రీమూర్తులున్నాయి. ఒకటి భాగ్యదేవత, రెండోది విధి. రాబర్ట్ రెకార్డ్ 1556లో ప్రచురించిన ‘ది కాసిల్ ఆఫ్ నాలెడ్జ్’ అనే ఖగోళ గ్రంథంలోని చిత్రాన్ని అనుసరించి వీటిని మలిచారు. భాగ్యచక్రాన్ని నడిపేది అజ్ఞానమని, విధిని ఏలేది జ్ఞానమని ఆ రూపాల పక్కనున్న రాతల భావం. పల్లెప్రాంతపు భూస్వామి ఇంటి గోడమీదికి ఒక శాస్త్రగ్రంథపు ముద్రిత చిత్రం చేరడం ఆనాడు అచ్చుపుస్తకం ఎంత దూరం వెళ్లిందో తెలుపుతుంది.

జ్ఞానాన్ని ఇలా కీర్తించిన గదే నిర్మాణపరంగా అనాలోచితంగా వెలసింది. లాంగ్ గ్యాలరీ తొలి ప్రణాళికలో లేదని, పని నడుస్తుండగా తరవాత చేరిన ఆలోచన అని పరిశోధకులు భావిస్తున్నారు. దాని కప్పు మీద పరచినవి బరువైన గరుకురాతి పలకలు. ఆ భారం కింది అంతస్తుల దూలాల మీద పడింది. ఫలితంగా అంతస్తులు వంగాయి, గ్యాలరీ నేల అలల్లా ఎత్తుపల్లాలు పడింది, గోడలు వెలుపలికి ఒరిగాయి. కప్పు కమానులు విచ్చుకుపోకుండా వాటి మధ్య అడ్డ దూలాలను బహుశా 17వ శతాబ్దిలో చేర్చారు.

దీన్ని వడ్రంగి వైఫల్యంగా మాత్రమే చూడటం సమంజసం కాదు. గ్యాలరీ వంగింది కానీ కూలలేదు. బరువు పెరిగినప్పుడు కొయ్య సీలల అతుకులు కొద్దికొద్దిగా జరిగి ఆ భారాన్ని పక్క కొయ్యలకు పంచాయి. గట్టిగా బిగిసిన కట్టడం విరిగిపోయే చోట ఈ చట్రం ఒదిగింది. హోదా కోరిన యజమాని నిర్ణయాన్ని నాలుగు శతాబ్దాలకు పైగా మోసింది వడ్రంగి పనితనమే. గ్యాలరీ వంపులో ఈ రెండూ కనిపిస్తాయి.

6. పతనం – నిలుపుదల:

1642లో ఇంగ్లండులో అంతర్యుద్ధం మొదలైంది. మోర్టన్ కుటుంబం రాజు పక్షాన నిలిచింది. 1643లో పార్లమెంటు పక్షం వారు ఈ ఇంటిని స్వాధీనం చేసుకుని సైనికులకు బసగా వాడుకున్నారు. యుద్ధానంతరం ఇల్లు కుటుంబానికి దక్కినా ఆర్థికంగా వారు కోలుకోలేదు. మూడో విలియం మోర్టన్ 1654లో మరణించేనాటికి 3,000–4,000 పౌండ్ల అప్పు మిగిలింది. భూములు క్రమంగా అమ్ముడుపోయాయి. కుటుంబం ఇంటిని విడిచి దాన్ని కౌలు రైతులకు అప్పగించింది.

ఈ పతనం ఫలితాన్ని అంచనా వేయాలంటే ఇతర భవనాలతో పోల్చాలి. 1590లలోనే డెర్బీషర్‌లో రాతితో, విశాలమైన గాజు కిటికీలతో, పూర్తి సౌష్ఠవంతో హార్డ్విక్ హాల్ వెలసింది. తరవాతి రెండు శతాబ్దాల్లో స్తోమత గల ఎందరో భూస్వాములు పాత కొయ్య ఇళ్లను పడగొట్టి ఇటుకతో, రాతితో కొత్త భవనాలు కట్టుకున్నారు. మరికొందరు కొయ్య ముఖభాగాన్ని ఇటుకతో కప్పేశారు. మోర్టన్‌లకు ఆ శక్తి లేదు. పార్లర్ గదిలో జార్జియన్ కాలపు చెక్క పలకల వంటి చిన్న మార్పులే జరిగాయి. ఆ పలకల వెనక 16వ శతాబ్ది చిత్రాలు భద్రంగా ఉండి 1976లో బయటపడ్డాయి. బైబిలు సంప్రదాయంలోని సుసన్నా కథను చిత్రించిన ఆ రచనలో జాన్ మోర్టన్ పేరులోని తొలి అక్షరాలున్నాయి. అతను 1598లో మరణించాడు కనుక చిత్రాలు అంతకు ముందువని నిర్ధారించవచ్చు.

అయితే పేదరికమే ఇంటిని కాపాడిందని చెప్పడం సగం నిజమే. పేదరికం ఇంటి రూపాన్ని మార్చనివ్వలేదు. కానీ దాన్ని నిలబెట్టే శక్తి పేదరికానికి లేదు. 1847 నాటికి భవనంలో చాలాభాగం ఖాళీగా ఉంది. ప్రార్థనామందిరం బొగ్గు, సామాన్లు దాచే కొట్టుగా మారింది. కిటికీలకు పలకలు కొట్టేశారు, కప్పు కుళ్లింది. రూపాన్ని లేమి నిలిపితే, ప్రాణాన్ని నిలిపినవారు వేరే ఉన్నారు. 1841లో కౌలుకు వచ్చిన డేల్ కుటుంబం శతాబ్దానికి పైగా అక్కడే ఉంది. పడకేసిన ఇంట్లో ఒక కుటుంబం పొయ్యి వెలిగించి కాపురముండటమే పెద్ద రక్షణ. 1892లో ఇంటికి వారసురాలైన ఎలిజబెత్ మోర్టన్ ఆంగ్లికన్ సన్యాసిని. ఆమె ప్రార్థనామందిరాన్ని పునరుద్ధరించింది. లాంగ్ గ్యాలరీని నిలిపే ఉక్కు కడ్డీలను అమర్పించింది కూడా ఆమేనని భావిస్తున్నారు. ఎన్నడూ అమ్మకూడదన్న షరతుతో 1912లో ఆమె ఇంటిని తన బంధువు, డెర్బీ బిషప్ చార్లెస్ అబ్రహాంకు సంక్రమింపజేసింది. ఆయన దాన్ని సందర్శకులకు తెరిచాడు. ఆరు పెన్నీల ప్రవేశ రుసుమును డేల్ కుటుంబం వసూలు చేసేది. 1938లో భవనం నేషనల్ ట్రస్టుకు చేరింది.

7. నలుపు తెలుపుల ప్రశ్న:

కొయ్య చట్రపు ఇంగ్లీషు ఇల్లు అనగానే తెల్లని గోడల మీద నల్లని కొయ్యల రూపం మనసులో మెదులుతుంది. లిటిల్ మోర్టన్ హాల్ ప్రసిద్ధికి కూడా ఆ రూపమే కారణం. కానీ ఈ నలుపు తెలుపు రంగులు ప్రధానంగా 19వ శతాబ్దిలో విక్టోరియా యుగం వారు వేసినవి. ట్యూడర్ కాలంలో ఓక్ కొయ్యకు రంగు పూయలేదు. అది ఎండకు వానకు సహజంగా వెండి ఛాయ గల బూడిదరంగుకు మారేది. మధ్యనున్న గార భాగాలకు పసుపుమన్ను రంగు ఉండేది. అంటే ‘పాత ఇంగ్లండు’కు ప్రతీకగా ప్రచారమైన రూపం ఆ పాత ఇంగ్లండు చూడని రూపం.

1977లో దక్షిణ భాగం కప్పు మీది రాతి పలకలు సడలినట్లు తేలింది. దాంతో ఆరు దశల మరమ్మతు పని మొదలై 1992లో ముగిసింది. శిథిలమైన కొయ్యల స్థానంలో పెట్టిన కొత్త ఓక్‌కు నల్లరంగు పూయకుండా సహజ స్థితిలోనే విడిచారు. విక్టోరియా కాలపు రంగును కూడా చాలావరకు తొలగించారు. ఈ విధానం ప్రాచీన గ్రంథ పరిష్కరణ నియమాన్ని గుర్తుకు తెస్తుంది. తాళపత్రంలో శిథిలమైన చోటును పరిష్కర్త పూరించినప్పుడు దాన్ని కుండలీకరణాల్లో చూపుతాడు. మూలాన్నీ పూరణనూ పాఠకుడు వేరుగా గుర్తించగలగాలన్నదే అందులోని నీతి. రంగు పూయని కొత్త కొయ్య అటువంటి కుండలీకరణమే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. విక్టోరియా కాలపు నలుపు కూడా ఈ భవన చరిత్రలో ఒక దశే కదా, దాన్ని తుడిచివేయడం ఎంతవరకు న్యాయం అని అడగవచ్చు. ఈ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేం. 1559 నాటి మార్పును చరిత్రగా గౌరవించి 19వ శతాబ్ది మార్పును కల్తీగా పరిగణించడానికి కాలభేదం ఒక్కటే కారణం కాకూడదు. ఆ రెండు మార్పుల స్వభావంలోని భేదాన్ని ఆధారం చేసుకోవాలి. 1559లో అందులో నివసించేవారు తమ జీవనావసరం కోసం ఇంటిని మార్చారు. విక్టోరియన్లు గతాన్ని తాము ఊహించిన తీరులో చూపడానికి రంగు వేశారు. మొదటిది ఇంటి జీవితంలో భాగమైతే, రెండోది ఆ జీవితానికి వేసిన వ్యాఖ్యానం. వ్యాఖ్యానానికీ విలువ ఉంది. కానీ అది మూలం స్థానాన్ని ఆక్రమించకూడదు.

8. ముగింపు:

లిటిల్ మోర్టన్ హాల్ నిర్మాణ చరిత్రను పరిశీలించినప్పుడు ఈ కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

• ఈ భవనం ఒకే వ్యక్తి ఊహించిన రూపం కాదు. సుమారు నూరేళ్ల పాటు ఒక వంశపు ఆస్తి, హోదా, కుటుంబ జీవనం మారిన క్రమాన్ని అనుసరించి పెరిగింది. సౌష్ఠవ లోపం ఆ క్రమానికి ఆధారం.

• 1559 నాటి శాసనం యజమానితోపాటు వడ్రంగిని కూడా కర్తగా గుర్తిస్తుంది. కొయ్య చట్రపు ఇళ్ల చరిత్రను యజమానుల చరిత్రగా మాత్రమే రాయడం అసమగ్రం.

• లాంగ్ గ్యాలరీ వంపు హోదా కోసం చేర్చిన భారానికీ, దాన్ని తట్టుకున్న అతుకుల నైపుణ్యానికీ ఏకకాలంలో నిదర్శనం.

• వంశపు పతనం భవన రూపాన్ని మార్పునుంచి కాపాడింది. కౌలు కుటుంబపు నివాసం, 1912 నాటి షరతు, 1938 తరవాతి సంస్థాగత సంరక్షణ దాన్ని శిథిలం కాకుండా కాపాడాయి.

• అవయవాలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ నిలిచే కొయ్య కట్టడంలో ప్రామాణికత అంటే ప్రతి కొయ్యా పాతదై ఉండటం కాదు. ఏది పాతదో, ఏది కొత్తదో దాచకుండా చూపడమే.

రిచర్డ్ డేల్ అమర్చిన గవాక్షాలు నేటికీ ముంగిలి వైపు తెరుచుకునే ఉన్నాయి. వాటి పక్కన పేరులేని ఎందరో వడ్రంగుల కొయ్యలు, 20వ శతాబ్ది మరమ్మతుదారుల రంగువేయని ఓక్ దూలాలు ఒకే చట్రంలో బరువు పంచుకుంటున్నాయి. ఈ ఇంటి చరిత్రను రాసేవారు ఆ చేతులన్నిటినీ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.